పిల్లల పిప్పిపళ్ళు – తల్లి తప్పా, ప్రభుత్వ బాధ్యతా?

స్త్రీల ఆరోగ్యం గురించి మన సంఘాల్లో చాలా మాట్లాడుకున్నాం. రక్తహీనత, కాన్పులు, అవసరం లేకపోయినా చేసే గర్భసంచి ఆపరేషన్లు – వీటిని హక్కుల ప్రశ్నలుగా నిలబెట్టడానికి ఏళ్ళు పట్టింది. పిల్లల పళ్ళ గురించి మాత్రం ఏ సమావేశంలోనూ ప్రత్యేకంగా చర్చించుకున్న గుర్తు నాకు లేదు. గోదావరి డెల్టా ఊళ్ళలో సంఘం పని మీద తిరుగుతున్నప్పుడు పొదుపు లెక్కల దగ్గరా, అంగన్‌వాడీ అరుగు మీదా కూర్చున్న పిల్లల నోళ్ళు చూస్తే ఈ మౌనం ఎంత తప్పో తెలుస్తుంది. ముందు పళ్ళు నల్లగా అరిగిపోయి చిగుళ్ళ దాకా వచ్చిన మూడేళ్ళ పిల్లలు, దవడ వాచి తలకి గుడ్డ కట్టుకున్న ఏడేళ్ళ పిల్లలు ప్రతి పేటలోనూ కనిపిస్తారు. "పిప్పిపన్ను, పాల పళ్ళేగా, ఊడిపోతాయి" అంటారు పెద్దవాళ్ళు. ఎవరికీ అదొక జబ్బుగా తోచదు.

ఇది ఎంత పెద్ద జబ్బో అంకెలు చెబుతాయి. డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2002-03లో దేశమంతటా జరిపిన సర్వేలో అయిదేళ్ళ పిల్లల్లో 51.9 శాతం మందికి, పన్నెండేళ్ళ వాళ్ళలో 53.8 శాతం మందికి, పదిహేనేళ్ళ వాళ్ళలో 63.1 శాతం మందికి పుచ్చుపళ్ళు ఉన్నాయని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం ప్రపంచంలో 51 కోట్ల మందికి పైగా పిల్లలు పాలపళ్ళ పుచ్చుతో బాధపడుతున్నారు. ఇద్దరు పిల్లల్లో ఒకరికి వచ్చే జబ్బు ఇంకేదైనా ఉంటే ఇంత నిశ్శబ్దంగా ఊరుకునేవాళ్ళమా?

ఈ జబ్బుకీ కుటుంబ ఆదాయానికీ ఉన్న సంబంధం గురించి మనలో ఒక పాత అభిప్రాయం ఉంది. చాక్లెట్లు, మిఠాయిలు తినేది డబ్బున్న వాళ్ళ పిల్లలు, కాబట్టి పళ్ళు పుచ్చేదీ వాళ్ళకే. అంబలి తాగి వేపపుల్లతో తోముకునే కూలివాళ్ళ పిల్లల పళ్ళు గట్టివి అని. ఒకప్పుడు ఇందులో నిజం ఉంది. పంచదార ఖరీదైన రోజుల్లో అన్ని దేశాల్లోనూ పుచ్చుపన్ను కలిగినవాళ్ళ జబ్బే. తాపేశ్వరం కాజా, ఆత్రేయపురం పూతరేకు కూలివాడి ఇంట్లో పండక్కో పెళ్ళికో తప్ప కనబడేవి కావు. పేదపిల్లల చిరుతిండి అంటే తేగలు, తాటిముంజెలు, జామకాయలు, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు. పంచదార మన డెల్టాలోనే తయారయ్యేది; తణుకులో ఆంధ్రా షుగర్స్ 1947లోనే మొదలైంది. అయినా ఆ రోజుల్లో పేదల ఇళ్ళలోకి అది పొట్లం లెక్కన కొలిచి వచ్చేది.

ఇవాళ పరిస్థితి తిరగబడింది. రూపాయి చాక్లెట్టు, అయిదు రూపాయల క్రీము బిస్కెట్టు ప్యాకెట్టు, పది రూపాయల తీపి డ్రింకు లంకల్లో చివరి పాక దాకా చేరాయి. జామకాయ కొనాలంటే అంతకన్నా ఎక్కువవుతుంది. తీపి చౌకైంది, పండు ఖరీదైంది. అదే సమయంలో డబ్బున్న ఇళ్ళలో ఫ్లోరైడు పేస్టు, ఆరునెలలకోసారి పళ్ళ డాక్టరు, తిండి మీద అదుపు వచ్చాయి. సంపన్న దేశాల్లో ఈ మార్పు ముందే జరిగింది. ఇంగ్లండులో 2022లో అయిదేళ్ళ పిల్లల నోళ్ళు పరీక్షిస్తే మొత్తం మీద 23.7 శాతం మందికి పుచ్చుపళ్ళు ఉన్నాయి. అయితే అత్యంత పేద ప్రాంతాల్లో అది 35.1 శాతం, అత్యంత సంపన్న ప్రాంతాల్లో 13.5 శాతం. చిన్నపిల్లలకు ఉచిత పళ్ళ వైద్యం ఉన్న దేశంలోనే తేడా ఇంత ఉంటే, వైద్యం కొనుక్కోవలసిన మన దగ్గర ఎలా ఉంటుందో ఊహించవచ్చు.

జబ్బు ఎవరికి వస్తుందన్నది ఒక ప్రశ్న అయితే, వచ్చాక ఏమవుతుందన్నది ఇంకో ప్రశ్న. పళ్ళ సర్వేల్లో లెక్క వేసే పద్ధతి ఒకటి ఉంది. 1938లో అమెరికాలో తయారైన కొలత అది. పుచ్చి ఉన్నవి ఎన్ని, పుచ్చు వల్ల పీకేసినవి ఎన్ని, పుచ్చు తీసి సిమెంటు నింపినవి ఎన్ని – మూడూ కూడి ఒక అంకె చెబుతారు. ఆ అంకె ఒక్కటే చూస్తే భీమవరంలో చేపల చెరువుల యజమాని పిల్లకీ, అదే చెరువు గట్టు మీద కాపలా ఉండే అతని పిల్లకీ తేడా ఉండకపోవచ్చు. ఇద్దరికీ మూడే అనుకుందాం. మొదటి పిల్లకి మూడు పళ్ళూ నింపి ఉంటాయి. రెండో పిల్లకి ఒకటి పీకేసి ఉంటుంది, రెండు పుచ్చి నొప్పి పెడుతుంటాయి. అంకె ఒకటే, బతుకులు వేరు. అందుకే ఎవరైనా మన ప్రాంతంలో సర్వే చేసి సగటు చెబితే, "ఈ మూడూ విడదీసి, ఆదాయం వారీగా, కులం వారీగా, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరుగా చెప్పండి" అని మనం అడగాలి.

పళ్ళు ఎందుకు పుచ్చుతాయో కాస్త వివరంగా తెలుసుకోవడం అవసరం. ఎందుకంటే తల్లి మీద నింద మొదలయ్యేది ఇక్కడే. నోట్లో ఉండే సూక్ష్మజీవులు తీపిని పులియబెట్టి ఆమ్లం తయారు చేస్తాయి. ఆ ఆమ్లం పంటి పైపొరను కరిగిస్తుంది. కాసేపటికి లాలాజలం ఆ నష్టాన్ని పూడుస్తుంది. మధ్యమధ్య తీపి పడుతూ ఉంటే పూడ్చే వ్యవధి ఉండదు. అంటే ఎంత తీపి తిన్నారన్న దానితోపాటు ఎన్నిసార్లు తిన్నారన్నది చాలా ముఖ్యం. భోజనంతో కలిపి తిన్న మిఠాయి కన్నా, రోజంతా చప్పరించే, పంటికి అతుక్కునే చాక్లెట్టు ఎక్కువ చెరుపు చేస్తుంది. ఈ సంగతి గట్టిగా రుజువైంది స్వీడన్‌లో విపెహోల్మ్ అనే ఆస్పత్రిలో, 1940ల చివర్లో. ఎవరి మీద రుజువు చేశారు? అక్కడ నిర్బంధంలో ఉన్న మానసిక వికలాంగుల మీద. వాళ్ళకి కావాలని జిగురు మిఠాయిలు పెట్టి, పళ్ళు పుచ్చేదాకా చూశారు. వాళ్ళ అనుమతి ఎవరూ అడగలేదు. హక్కుల గురించి రాసే పత్రికలో ఈ మాట చెప్పకుండా దాటిపోకూడదు. నోరు లేనివాళ్ళ నోళ్ళను పాడుచేసి తెలుసుకున్న నిజం ఇది. డెబ్బై ఏళ్ళు దాటినా పేదపిల్లలకి దాని ప్రయోజనం అందలేదు.

ఇప్పుడు మన తల్లుల రోజు చూద్దాం. ఊడ్పుల కాలంలో తెల్లవారుజామునే ఆటో ఎక్కాలి. రొయ్యల షెడ్డులో వేళ కాని వేళ పని. కొబ్బరి పీచు పని, మోరి వైపు జీడిపప్పు పని, నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లకం – ఏదైనా ముక్కకింత, కేజీకింత. చేతులు ఆగితే కూలి ఆగుతుంది. ఏడుస్తున్న బిడ్డ చేతిలో బిస్కెట్టు పెట్టడం, టీలో ముంచి ఇవ్వడం, పంచదార పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెట్టడం ఆ తల్లికి దొరికిన ఒకే ఒక్క బిడ్డల సంరక్షణ కేంద్రం. నరసాపురం లేసు పనివాళ్ళ మీద మరియా మీస్ 1982లో రాసిన పుస్తకం మనలో చాలామందికి తెలుసు. మార్కెట్టు కోసం రోజంతా పనిచేసే ఆడవాళ్ళను "ఖాళీగా ఇంట్లో కూర్చునే గృహిణులు"గా చూపించి చౌకగా పని చేయించుకుంటారని ఆమె చూపించింది. అదే చూపు ఇక్కడా పనిచేస్తుంది. ఇంట్లోనే ఉంటుందిగా, పిల్లాడి పళ్ళు చూసుకోలేదా అంటారు. ఆమె పని ఎవరి లెక్కలోనూ ఉండదు గనక ఆమెకి తీరిక లేదన్న సంగతీ లెక్కలోకి రాదు.

ఇంకొక సంగతి గల్ఫ్ వలస. కోనసీమ నుంచి, పశ్చిమ డెల్టా నుంచి వేలమంది ఆడవాళ్ళు ఇంటిపనులకు కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్తున్నారు. పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతారు. తల్లి లేని లోటు తీర్చడానికి అమ్మమ్మ చేతిలో ఉన్నది చిరుతిండి. తల్లి సెలవుకి వచ్చినప్పుడు తెచ్చేది చాక్లెట్ల సంచీ. ప్రేమ చూపించడానికి ఇంకో దారి లేనివాళ్ళకి తీపి ఒక భాష అయిపోయింది. దీన్ని అజ్ఞానం అని కొట్టిపారేయడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

నొప్పి మొదలయ్యాక ఏం జరుగుతుందో మీకందరికీ తెలుసు. లవంగ నూనె, కర్పూరం, ఉప్పునీళ్ళు. తగ్గకపోతే ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర నొప్పి బిళ్ళలు, ఒక పూటకో రెండు పూటలకో యాంటీబయాటిక్. వాపు తగ్గుతుంది, పుచ్చు తగ్గదు. నాలుగైదు నెలల్లో మళ్ళీ వస్తుంది. చివరికి పన్ను పీకించడం. ఆరో ఏట వెనకాల వచ్చే పెద్ద దవడపన్ను పాలపన్ను కాదన్న సంగతి చాలామందికి తెలియదు. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది గనక పొరబడతారు. అది పోతే మళ్ళీ రాదు. పదేళ్ళకే శాశ్వతమైన దవడపన్ను పోగొట్టుకున్న పిల్ల జీవితమంతా ఒక వైపే నములుతుంది. పాలపళ్ళ సంగతీ అంత తేలిక కాదు. నొప్పితో పిల్లలు తినరు, నిద్రపోరు, బడిలో మనసు పెట్టలేరు. తూకం తగ్గిన పిల్లకి గుడ్డు ఇస్తున్నాం, ఆ గుడ్డు నమలడానికి పళ్ళున్నాయా అని చూడటం లేదు.

ఆడపిల్లల విషయంలో ఇంకో మెలిక ఉంది. ముందుపన్ను పాడైతే ఇంట్లో కంగారు పుడుతుంది. రేపు పెళ్ళిచూపుల్లో ఎలా అని అప్పు చేసైనా పట్నం తీసుకెళ్తారు. వెనకపన్ను ఎంత నొప్పి పెట్టినా కనబడదు గనక ఓర్చుకోమంటారు. ఆడపిల్ల నోరు నవ్వడానికి బాగుండాలి గానీ తినడానికి కాదన్నట్టు. అన్నకి పన్ను నొప్పి వస్తే బడి పోతుందని బస్సెక్కించి, చెల్లికి లవంగం పెట్టి పడుకోమన్న ఇళ్ళు నాకు తెలుసు.

వైద్యం దగ్గర్లో లేదా అంటే ఉంది. పాత ఉభయ గోదావరి జిల్లాల్లో రాజమండ్రి పరిసరాల్లో రెండు పళ్ళ కాలేజీలు, అమలాపురంలో ఒకటి, భీమవరంలో ఒకటి, ఏలూరు దగ్గర ఒకటి ఉన్నాయి. అన్నీ ప్రైవేటువే. ప్రభుత్వ పళ్ళ కాలేజీ కావాలంటే విజయవాడ వెళ్ళాలి. కాలేజీ ఆస్పత్రుల్లో బయటి క్లినిక్కుల కన్నా ఖర్చు తక్కువే. అయితే పన్ను పీకడం ఒక్క రోజు పని, పన్ను నిలబెట్టడం మూడు నాలుగు రోజుల పని. లంక నుంచి పడవ దాటి, ఆటో ఎక్కి, బస్సెక్కి వచ్చే తల్లికి ఒక్కొక్క రాకకీ ఒక రోజు కూలి పోతుంది, ఛార్జీలు అదనం. ఈ లెక్కలో పీకించడమే గెలుస్తుంది. వైద్యం ఉచితమైనా రోజు ఉచితం కాదు. పేదలు పళ్ళు పీకించుకుంటారన్నది వాళ్ళ అలవాటు కాదు, వాళ్ళ లెక్క.

మరి ప్రభుత్వం ఏం చేస్తోంది? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, బడిపిల్లలను ఏడాదికి ఒకసారి పరీక్షించాలి. చూడవలసిన జబ్బుల జాబితాలో పళ్ళ జబ్బులు కూడా ఉన్నాయి. ఇది మంచి పథకం. అయితే పుచ్చు ఉందని చీటీ రాసి ఇవ్వడంతో పళ్ళ వరకూ పని ముగుస్తోంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మామూలుగా పళ్ళ డాక్టరు ఉండరు. చీటీ పట్టుకుని పెద్దాస్పత్రికి ఎవరు తీసుకెళ్తారు? మళ్ళీ తల్లే. ఆ చీటీలు దూలాల్లో, రేషను కార్డు కవర్లలో మడిచి ఉండటం నేను చూశాను. పరీక్ష చేసి వైద్యం చెయ్యకపోవడం సగం పని కాదు, తల్లికి అదనపు అపరాధ భావం మిగల్చడం.

వైద్యం ఊరికే వచ్చే దారి లేకపోలేదు. 1980లలో టాంజానియాలో ఒక పద్ధతి మొదలైంది. కరెంటూ, మిషనూ లేకుండా చేతి పనిముట్లతో పుచ్చు తీసి, గ్లాస్ అయొనొమర్ అనే సిమెంటు నింపడం. పుచ్చు పాకకుండా ఆపడానికి సిల్వర్ డయామీన్ ఫ్లోరైడ్ అనే మందు ఉంది. ఒక చుక్క పూస్తే చాలు, నొప్పి ఉండదు. ఆ భాగం నల్లబడుతుంది, కాబట్టి తల్లికి ముందే చెప్పి ఒప్పించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ రెంటినీ, ఫ్లోరైడు పేస్టునూ అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. అంటే ఇవి కలిగినవాళ్ళ సోకులు కావు, పారాసెటమాల్ లాగా ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఉండదగ్గవి. సంచార బృందంతో పాటు నెలకి ఒక రోజు ఒక పళ్ళ డాక్టరు వచ్చి అంగన్‌వాడీ అరుగు మీదే ఈ పని చెయ్యవచ్చు. అయిదు కాలేజీలున్న ప్రాంతంలో డాక్టర్లు లేరన్న సాకు చెల్లదు.

ఫ్లోరైడు అనగానే మనలో కొందరు భయపడతారు. దానికి కారణం ఉంది. నెల్లూరు జిల్లాలో 1937లోనే ఫ్లోరోసిస్ బయటపడింది. నల్గొండలో వంకర తిరిగిన ఎముకలతో బతికిన మనుషుల్ని మనం చూశాం. అక్కడ విషమైంది తాగునీటిలో ఏళ్ళ తరబడి చేరిన అధిక ఫ్లోరైడు. తోముకుని ఉమ్మేసే పేస్టులో ఉన్న కొద్దిపాటి ఫ్లోరైడు పంటిని గట్టిపరుస్తుంది. మూడేళ్ళ లోపు పిల్లలకు బియ్యపు గింజంత, తర్వాత ఆరేళ్ళ దాకా బఠానీ గింజంత చాలు. పెద్దవాళ్ళు దగ్గరుండి తోమించాలి, మింగనివ్వకూడదు. కచ్చిక, బొగ్గుపొడి, ఇటుకపొడి పళ్ళను అరగదీస్తాయి. వేపపుల్ల చెడ్డది కాదు గానీ అందులో ఈ రక్షణ లేదు.

ఇక పన్నుల సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి టూత్‌పేస్టు, బ్రష్షుల మీద జి.ఎస్.టి. 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. సంతోషం. అదే రోజున చాక్లెట్ల మీద, బిస్కెట్ల మీద పన్ను కూడా 18 నుంచి 5కి తగ్గింది. పన్ను పాడుచేసే దానికీ, కాపాడేదానికీ ఒకే సుంకం. గ్యాసు తీపి పానీయాలను మాత్రం 40 శాతంలో పెట్టారు. తీపి హాని చేస్తుందని ప్రభుత్వానికి తెలియక కాదన్నమాట. ధవళేశ్వరంలో హార్లిక్స్ ఫ్యాక్టరీ ఉంది. బలం కోసమని కూలి డబ్బుల్లో మిగిల్చి ఆ పొడి కొనే తల్లులు మనకి తెలుసు. ఇలాంటి తీపి పొడులను "ఆరోగ్య పానీయాలు" అనే పేరుతో అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ అమ్మకందార్లకు చెప్పింది 2024లో. అప్పటిదాకా ఆ పేరు నమ్మి కొన్న తల్లులదా తప్పు?

బడికి 50 మీటర్ల లోపు కొవ్వు, పంచదార, ఉప్పు ఎక్కువున్న తిండి అమ్మకూడదని ఆహార భద్రతా సంస్థ 2020లో నిబంధనలు చేసింది. దీన్ని అమలు చేయమని అడిగే ముందు ఒక్కమాట ఆలోచించాలి. బడి గేటు దగ్గర బడ్డీ కొట్టు ఎవరిది? చాలా ఊళ్ళలో ఒక ఒంటరి స్త్రీది. కంపెనీని ముట్టుకోకుండా ఆమె బల్ల తీయించడం తేలిక. మనం అడగవలసింది అది కాదు. ఆమెకి ఉడకబెట్టిన శనగలు, వేరుశనక్కాయలు, పళ్ళు అమ్ముకునేందుకు డ్వాక్రా రుణం ఇప్పించడం, కంపెనీల ప్రకటనలకు అడ్డు కట్టడం.

అలాగే ఈ పనంతా అంగన్‌వాడీ టీచర్ల నెత్తిన పడెయ్యడం కూడా తప్పే. 2023 డిసెంబరు 12న మొదలుపెట్టి 42 రోజులు వాళ్ళు సమ్మె చేశారు. ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. జీతం పెంచమన్నవాళ్ళ మీద చట్టం, కొత్త పనులు మాత్రం ఉచితం. పిల్లల చేత పళ్ళు తోమించే పని వాళ్ళకి అప్పగిస్తే దానికి వేతనం ఉండాలి, నీళ్ళ కుళాయి ఉండాలి.

"తిండే లేని చోట పళ్ళ గురించి మాట్లాడతారేమిటి?" అని కొందరు మిత్రులు అడుగుతారు. కొట్టే మొగుళ్ళు, తాగుడు, అప్పులు ముందు కాదా అంటారు. 1992లో దూబగుంట నుంచి సారా ఉద్యమం లేచినప్పుడు కూడా అది ఇళ్ళల్లో గొడవ అన్నవాళ్ళున్నారు. పేదరికం ఒక్కొక్క శరీర భాగం మీద తన గుర్తు వేస్తుంది. నోరు వాటిలో ఒకటి. చీటీ రాసి ఇచ్చే హక్కు ప్రభుత్వానికి ఉన్నప్పుడు ఆ చీటీకి వైద్యం అడిగే హక్కు మనకి ఉంది.

అందుకని ఈ ఏడాది మన సంఘాలు కొన్ని పనులు పెట్టుకోవాలని నా ప్రతిపాదన. ప్రతి మండలంలో పరీక్షా బృందం రాసిన పళ్ళ చీటీలు ఎన్ని, వాటిలో వైద్యం అందినవి ఎన్ని అని సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం. అత్యవసర జాబితాలోని సిమెంటు, మందు ఆరోగ్య కేంద్రాల్లో పెట్టమని, నెలకొక రోజు పళ్ళ డాక్టరు ఊరికి రావాలని జిల్లా అధికారులకు అర్జీలు పెడదాం. రేషను డిపోలో చిన్న ఫ్లోరైడు పేస్టు ఇవ్వమందాం. డొక్కా సీతమ్మ పేరు పెట్టిన బడి భోజనంలో చిక్కీ, బెల్లం రాగిజావ రక్తహీనతకు మంచివే, తీసెయ్యమనం. తిన్నాక పుక్కిలించడానికి నీళ్ళు, పది నిమిషాల వ్యవధి అడుగుదాం. ఊడ్పులప్పుడూ, రొయ్యల షెడ్లలోనూ పిల్లల సంరక్షణ కేంద్రాలు అడుగుదాం. అవి లేనంతకాలం బిస్కెట్టు ప్యాకెట్టే ఆ పని చేస్తుంది.

ఇవేవీ పెద్ద కోర్కెలు కావు. పన్ను నొప్పితో రాత్రంతా ఏడ్చే పిల్లని ఎత్తుకుని తిరిగిన తల్లిని పొద్దున్నే "నువ్వే చెడగొట్టావు" అనే ముందు, ఆమెకి మనం, మన ప్రభుత్వం ఏమిచ్చామో లెక్క చూసుకోవాలి.